అర డబ్బా రక్తం

నేను అబద్ధాలకోరును కాను. ఉన్నదాన్ని కొంచెం ఊదుతాను, అంతే. మా ఖోలీ, అంటే మేముండే ఒక్క గది, పది అడుగుల పొడుగు. నేను చెబితే పన్నెండు. మా గల్లీలో ఎలుక పిల్లిని తరిమిందనుకోండి, ఆ సంగతి నా నోట్లోంచి బయటికొచ్చేసరికి పిల్లి ముంబై సెంట్రల్‌లో టికెట్ కొనుక్కుని రైలెక్కి కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది. నా భార్యకు ఈ గుణం పెళ్ళయిన వారానికే తెలిసిపోయింది. అప్పటినుంచి నేనేం చెప్పినా నాలుగుతో భాగించి వింటుంది. మీరూ అలాగే చదవండి. ఇందులో నేను ఊదని వాక్యం ఉండదు.

అయితే ఊదడం వేరు, పుట్టించడం వేరు. ఇందులో ఒక్క సంగతి మాత్రం పూర్తిగా నేను పుట్టించింది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. ఈ కథ మా పొరుగునే ఉండిన ఒక సైంటిస్టావిడది. ఆవిడ గురించి రాస్తూ అది ఒప్పుకోకపోతే, ఎక్కడున్నా వచ్చి వేలి కణుపుతో నా నెత్తి మీద రెండు తట్టి, "మోగలే తమ్మీ" అని పోతుంది.

మొన్న వర్లి నుంచి బస్సులో వస్తున్నాను. ముందు సీట్లో కాలేజీ పిల్ల ఒకతె ఫోన్లో వాళ్ళ అవ్వతో మరాఠీలో వాదిస్తోంది. అవతల అవ్వ ఏదో కషాయం గురించి చెబుతున్నట్టుంది. పిల్ల ఓపిగ్గా విని, "కోణీ సాంగితలం ఆజీ?" అంది. ఎవరు చెప్పారు అని. మళ్ళీ కొంచెం విని, "బరం, త్యాన్నా కోణీ సాంగితలం?" అంది. సరే, వాళ్ళకెవరు చెప్పారు అని.

నా ఒంటి మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. నెత్తి మీద లేనివి కూడా.

ఫోను పెట్టేశాక అడిగాను, ఈ ప్రశ్న ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని. తెలుగువాడినని తెలిసి ఆ పిల్ల భాష మార్చింది. "మా ఆజీనే నేర్పింది అంకుల్. ఇప్పుడు ఆమెకే ఉల్టా అడుగుతున్న. ఆమె చాల్‌కి ఎప్పుడో ఒక సైంటిస్ట్ బాయి వచ్చిందంట. మస్తు ఊంచ్ ఉండెనంట, దర్వాజాల వంగి రావాలెనంట."

ఆవిడ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. మా నీళ్ళ నల్ల దగ్గర ప్లాస్టిక్ డ్రమ్ము వెనక నిలబడితే డ్రమ్ము ఒక్కటే కనబడేది. ఈ ఊదుడు నేను ఊదింది కాదు. నేను లేకుండానే, నాకంటే బాగా, ఎవరో ఆవిడను ఊదేశారు. సరిదిద్దాలనిపించలేదు. దిగేవరకూ గర్వంగా కూర్చున్నాను.

ఆవిడ పేరు రాయను. రాస్తే మీరు పేరును నమ్ముతారు. పేరును నమ్మడం ఆవిడకు గిట్టేది కాదు. పెద్ద డాక్టరు చెప్పాడని ఎవరన్నా ఫోను చూపిస్తే, "పెద్దోడైతే ఏమాయె, పురావా ఏది?" అనేది. పురావా అంటే మరాఠీలో రుజువు. మా కామాటిపుర తెలుగులో ఆ మాట ఎప్పుడో కలిసిపోయింది గానీ, మేం దాన్ని పోలీసు స్టేషన్లో మాత్రమే వాడేవాళ్ళం. కషాయాల మీద వాడింది ఆవిడే.

పుట్టింది మా చాల్‌లోనే, అంటే వరస ఖోలీల ఈ పాత మేడలోనే, రెండో అంతస్తులో. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఉద్యోగం పరేల్ వైపు ఒక ప్రయోగశాలలో. క్షయ క్రిములను పెంచి, ఏ మందుకు ఏది చస్తుందో, ఏది చావనంటుందో చూడటం ఆవిడ పని. ఈ సంగతి మా చాల్ మొదటిసారి విన్నప్పుడు, నల్ల దగ్గర లైనుకు మకుటంలేని మహారాణి అయిన చంద్రవ్వ తన నీళ్ళ హండా మీద కూర్చుని తీర్పు చెప్పింది.

"కోళ్ళు పెంచెటోళ్ళను చూసిన. మేకలు పెంచెటోళ్ళను చూసిన. రోగాలు పెంచి పగార్ తీసుకునేదాన్ని నిన్నే చూస్తున్న బిడ్డా."

"నీ ఇంట్ల ఫుకట్‌ల పెరుగుతున్నయి అవ్వా. మా కాడ తాళమేసి పెంచుతం," అంది ఆవిడ, బిందె కింద పెడుతూ.

పేరు ముందు డాక్టర్ అని వచ్చాక చాల్ మొత్తం నాలుక చాపి ఆవిడ గుమ్మం ముందు వరసకట్టింది. ఆవిడ అందరికీ ఒకటే జవాబు: "నేను క్రిముల డాక్టర్ని. నీకు జ్వరమొస్తే దవాఖానకు పో. నీ క్రిమికి జ్వరమొస్తే నా కాడికి తోల్కరా." అని వదిలేసేది కాదు. వాళ్ళను దవాఖాన దాకా తనే తీసుకెళ్ళి, లోపల డాక్టరు ఏం చెప్పాడో బయటికొచ్చాక అప్పగించమనేది. తప్పు చెబితే మళ్ళీ లోపలికి పంపేది. ఒకసారి నన్ను మూడుసార్లు పంపింది. మూడోసారి డాక్టరే బయటికొచ్చి ఆవిడకు అప్పజెప్పి వెళ్ళాడు.

ఆవిడ తాత పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్ళో గోడలు కట్టిన మేస్త్రీ. ప్రతి ఇటుకనూ గోడలో పెట్టేముందు తాపీ పిడితో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడట. ఖంగుమంటే గోడలోకి, బొద్దుమంటే పక్కకి. ఆ తట్టుడు మనవరాలికి వచ్చింది. ఎవరు ఏ ఫార్వర్డు చూపించినా ఫోనును అంచులతో పట్టుకుని, ప్రయోగశాలలో గాజుపళ్ళెం పట్టుకున్నట్టు కళ్ళకు దూరంగా ఎత్తి చదివేది. తర్వాత వేలి కణుపుతో ఆ ఫోను అద్దం మీద రెండుసార్లు తట్టి, తలవంచి వినేది. "మోగలే," అని తిరిగిచ్చేసేది. ఎప్పుడో ఒకసారి "మోగింది" అనేది. ఆ రోజు ఆ ఫోను యజమాని చాల్ అంతా తిరిగి చాయ్ తాగేవాడు, వేరేవాళ్ళ ఇళ్ళలో.

కరోనా రోజుల్లో ఉల్లిగడ్డ మాట ఒకటి వచ్చింది. ఉల్లిగడ్డ కోసి గదిలో పెడితే గాలిలో ఉన్న విషమంతా లాగేసుకుని నల్లబడుతుందట. రెండు రోజుల్లో మా గల్లీలో ఉల్లిగడ్డ కరువొచ్చింది. ఆమ్లెట్లు విధవల్లా కనిపించాయి. చంద్రవ్వ మంచం కింద ఆరు సగాలు పెట్టుకుని, నల్లబడ్డవాటిని అందరికీ చూపించి, "చూడు, గిది నాకు రావాల్సింది, దీనికొచ్చింది" అని కన్నీళ్ళు పెట్టుకుంది. అవి ఉల్లి వల్ల వచ్చిన కన్నీళ్ళని నా అనుమానం.

ఆవిడ వాదించలేదు. ఒకే ఉల్లిగడ్డను సగానికి కోసింది. ఒక సగం జ్వరంతో పడుకున్న మనిషి ఖోలీలో పెట్టించింది. రెండోది ఖాళీ ప్రెషర్ కుక్కర్లో పెట్టి మూత బిగించి, దాని మీద చంద్రవ్వ చేతనే చాక్‌పీసుతో గీత గీయించింది, ఎవరూ తెరవకుండా. మూడో నాడు రెండూ తెచ్చి నల్ల దగ్గర పెట్టింది. రెండూ నల్లగానే ఉన్నాయి.

"అవ్వా, కుక్కర్‌కు కరోనా ఎట్లొచ్చింది?"

చంద్రవ్వ కుక్కర్లోకి తొంగి చూసింది. "దానికి విజిల్ కాడ సందుంది కద," అంది. కానీ ఆ సాయంత్రం మంచం కింది ఆరు సగాలూ కూరలోకి వెళ్ళాయి. ఆ కూర తిన్నవాళ్ళలో నేనొకణ్ణి. బాగుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇక్కడినుంచి నవ్వు కొంచెం తగ్గుతుంది. నా తప్పేం లేదు. నా తప్పే ఉంది. చదవండి.

నర్సింలు అని పాలమూరు మనిషి. కట్టే బిల్డింగుల దగ్గర రోజు కూలి. భార్య ఎల్లమ్మతో మా మూడో అంతస్తు చివర ఖోలీలో అద్దెకుండేవాడు. నలభై లోపు వయసు. సిమెంటు బస్తా రెండు చేతుల్లో పసిపిల్లలా ఎత్తుకుని మెట్లెక్కేవాడు. అలాంటివాడు దగ్గుతూ దగ్గుతూ చొక్కా హ్యాంగరులా తయారయ్యాడు. ఆవిడ ఒక పొద్దున గ్యాలరీలో ఆగి, ఆ దగ్గు విని, "ఇది ఎన్ని దినాల సంది?" అని అడిగింది. నెల అన్నాడు. ఆ రోజే దవాఖానకు పట్టుకెళ్ళింది. క్షయ అని తేలింది. ఆరు నెలలు గోలీలు, ఒక్క రోజు కూడా తప్పకుండా.

నెల తిరిగేసరికి దగ్గు తగ్గింది. నర్సింలు మళ్ళీ అన్నం రెండోసారి అడగడం మొదలుపెట్టాడు. ఎల్లమ్మ ఆ మాట పండగలా చాల్ అంతా చెప్పింది.

మా చాల్ సంగతి మీకు చెప్పాలి. సండాసులు, అంటే మరుగుదొడ్లు, గ్యాలరీ చివర, అంతస్తుకు రెండు. పొద్దున్నే అందరం చేతిలో నీళ్ళ డబ్బా పట్టుకుని లైన్లో నిలబడతాం. మా రాజకీయాలు, సంబంధాలు, క్రికెట్టు, అన్నీ అక్కడే తేలతాయి. ఒక పొద్దున నర్సింలు ఆ లైన్లో నా పక్కకొచ్చి గొంతు తగ్గించి అన్నాడు:

"అన్నా, గోలీలు తినవట్టినకాడికెల్లి ఉచ్చ ఎర్రగ పోతున్నది. ఏంది మరి?"

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి అర సెకను చాలు. కానీ లైన్లో ఎనిమిదిమంది ఉన్నారు, అందరూ చెవులు ఇటే పెట్టారు. ఎనిమిదిమంది వినేవాళ్ళు దొరికితే నా నాలుక నా మాట వినదు.

"అది మున్సిపాలిటీ వాళ్ళ లెక్క నర్సింలూ. ఫుకట్‌ల గోలీలిస్తరా మరి? ఒక్కో గోలీకి అర డబ్బా రక్తం వసూల్ చేస్తున్నరు," అన్నాను, నా చేతిలో డబ్బా ఎత్తి చూపిస్తూ.

లైనంతా నవ్వింది. నర్సింలు కూడా నవ్వాడు. నా వంతు వచ్చింది, లోపలికి వెళ్ళిపోయాను. బయటికొచ్చేసరికి మర్చిపోయాను.

రెండు వారాల తర్వాత నా ఫోనుకు ఒక గొంతు వచ్చింది. గంభీరమైన గొంతు, వెనకాల వీణ. హైదరాబాదులో ఒక పెద్ద ప్రొఫెసరు పరీక్ష చేసి కనిపెట్టాడట: దగ్గుకిచ్చే ఎర్ర గోలీ ఒక్కోటి ఒంట్లోంచి అర డబ్బా రక్తం తీసేస్తుందట, పేదవాళ్ళు తెలియక తింటున్నారట, పదిమందికి పంపి పుణ్యం కట్టుకోమట. నేను చలించిపోయాను. పదిమందికి కాదు, ఇరవైమందికి పంపాను, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి. బడికి పంపిన పిల్లాడు మీసాలతో, సూటుతో తిరిగొస్తే కన్నతండ్రే లేచి నమస్కారం పెట్టినట్టయింది నా పని.

ఆ గొంతు నర్సింలు ఫోనుకూ వచ్చింది. అతను గోలీలు ఆపేశాడు.

తొమ్మిదో రోజున గ్యాలరీలో ఆ దగ్గు మళ్ళీ వినబడింది. ఆవిడ హండా అక్కడే దించి మూడో అంతస్తు ఎక్కింది. వెనకే నేను, ఖాళీ చేతులతో. ఎల్లమ్మ గోడకు ఆనుకుని ఏడుస్తోంది. గోలీలను గుడ్డలో మూటకట్టి కిటికీలో పెట్టింది. వానకు సగం తడిసి ఉన్నాయి.

"ఎందుకు ఆపినవ్?"

నర్సింలు ఫోను తీసి గొంతు వినిపించాడు. ఆవిడ తట్టింది. "మోగలే. ఎవలు చెప్పిన్రు?"

"మా బామ్మర్ది పంపిండు."

"వాళ్ళకెవలు చెప్పిన్రు? చూసినోళ్ళెవలు?"

ఈ మూడో ప్రశ్నకు ఎప్పుడూ ఎవరి దగ్గరా జవాబుండదు. చూసినవాళ్ళు ఉండరు. అక్కడితో పంచాయితీ ముగిసేది. కానీ ఆ రోజు నర్సింలు తలెత్తి, "నేనే చూసిన అక్కా. నా కండ్లతోని చూసిన. రోజు చూసిన," అన్నాడు.

ఆవిడ నోరు మూతపడటం నేను చూసిన మొదటిసారి అదే. ఫోను తిరిగి అతని చేతిలో పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది: "నిజమే. నువ్వు చూసినవ్. గా గోలీతోని ఎర్రగైతదని ముందుగాల నేనే చెప్పాలె. మర్సిపోయిన. తప్పు నాది."

అతనికి మాత్రం ఆ మాట ఎక్కలేదు. "నాకు ఇద్దరు ఆడపిల్లలున్నరు ఊర్ల. ఉన్న రక్తమన్న ఉండనియ్ అక్కా," అన్నాడు.

మెట్లు దిగుతూ నాతో అంది: "తమ్మీ, సగం దెబ్బ తిన్న క్రిమి మందును గుర్తువెట్టుకుంటది. మల్ల అదే మందేస్తే నవ్వుతది. గిప్పుడు ఒక్కొక్క దినం అతని ఆయుష్షులకెల్లి పోతున్నది. ఇంకోటి చూడు. ఆ గొంతు ఎన్ని ఇండ్లు తిరిగిందో, ఎన్ని ఇండ్ల గోలీలు ఆగినయో. వెనక్కి నడవాలె. నువ్వు నాతో రా. నీకు అందరు ఎరుక."

అలా దొంగను వెంటబెట్టుకుని దొంగ కోసం బయల్దేరింది. దొంగకు తను దొంగనని తెలియదు. టిఫిను డబ్బా కూడా తనే మోశాడు.

ఆవిడ చేతిలో పొడుగు నోట్‌బుక్. క్షయ ఒకరినుంచి ఒకరికి ఎలా వచ్చిందో వాళ్ళ పనిలో ఎలా గడులు గీసి రాస్తారో, అలాగే గడులు గీసింది. మొదటి గడిలో తన పేరే రాసుకుంది: చెప్పవలసింది చెప్పలేదు అని. తర్వాత ఊళ్ళో ఉన్న బామ్మర్దికి ఫోను. అతనికి పంపింది అతని మేనత్త కూతురు. ఆమెకు పంపింది వర్లి చాల్‌లో ఉన్న ఒకామె. ఆదివారం ఇద్దరం వర్లికి బస్సెక్కాం.

వర్లిలో ఆ ఇంటావిడ మాకు పోహా పెట్టింది. "వీణ గిట్ల మాకెరుకలేదు అక్కా. అది ఊర్ల ఎవలో కలిపిన్రు. నేనైతే వట్టి మాట చెప్పిన. ప్రొఫెసర్ అని చెప్పలే, డాక్టర్ అన్న." డాక్టరని ఎవరు చెప్పారంటే, "మా చెల్లె. మీ చాల్‌లనే ఉంటది కింద ఖోలీల. మీ కాడ ఎవలో మస్తు సదువుకున్నాయన చెప్పిండంట."

మస్తు చదువుకున్నాయన అనగానే నేను కాలర్ సవరించుకున్నాను. ఎందుకో నాకే తెలియదు.

పక్క ఖోలీలో ఒక ముసలామె. ఆమె కూడా ఆ గోలీలే వేసుకునేది. ఆమె కూడా ఆపేసింది, ఆరు రోజులైంది. ఆవిడ ఆమె దగ్గర కింద కూర్చుని ఒక గంట మాట్లాడింది. లేచేముందు ఆమెకు మూడు ప్రశ్నలూ నేర్పింది, చిన్నపిల్లకు ఎక్కాలు నేర్పినట్టు, తిరిగి అప్పజెప్పించుకుంటూ. బస్సులో నాకు కనబడిన పిల్ల అవ్వ ఆమే అయ్యుంటుందని నా ఊహ. పురావా లేదు.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. ఫాక్‌లాండ్ రోడ్ దగ్గర పడుతుండగా బయటికి చూస్తూనే అంది:

"ఒక చిత్రం చూసినవా తమ్మీ. డాక్టర్ మారిండు, ప్రొఫెసర్ అయిండు. ఊరు మారింది. వీణ వచ్చింది. అన్ని మారినయ్. డబ్బా మారలే."

"అంటే?"

"ఏ డాక్టరన్న రక్తాన్ని డబ్బాతోని కొలుస్తడా? బాటిల్ అంటడు, చెంచా అంటడు. అర డబ్బా అని కొలిచే జాగా ఈ ముంబైల యేది? మనిషి చేతిల డబ్బా ఎప్పుడుంటది?"

బస్సు ఆగింది. నా గుండె కూడా ఆగింది. బస్సు మళ్ళీ కదిలింది గానీ గుండె తర్వాతి స్టాపు దాకా కదల్లేదు. సండాసు లైను, నా చేతిలో డబ్బా, ఎనిమిదిమంది నవ్వు, నర్సింలు కూడా నవ్వడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఆవిడ నా వైపు తిరగలేదు. నోట్‌బుక్ మూసి ఒళ్ళో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున నల్ల దగ్గర. నీళ్ళు వచ్చే గంట అది. రమ్మని ఎవరినీ పిలవక్కర్లేదు. ఆవిడ పోయినేటి కాలెండరు కాగితం వెనక్కి తిప్పి గోడకు అంటించింది. దాని మీద గడులు. మొదటి గడిలో తన పేరు, మధ్యలో ఊరు, వర్లి, కింద ఖోలీ, మా మూడో అంతస్తు లైను. చివరి గడి ఖాళీ.

చాయ్ దుకాణం నుంచి రెండు కటింగ్ గ్లాసులు తెప్పించి గట్టు మీద పెట్టి, రెంటిలోనూ నల్ల నీళ్ళు పట్టింది. నర్సింలును ముందు నిలబెట్టింది. ఎల్లమ్మ కట్టిన మూటలోంచి, తడిసి ఎలాగూ పనికిరాని గోలీ ఒకటి తీసి రోకలితో నలిపి, మొదటి గ్లాసులో వేసి కలిపింది. నీళ్ళు మందారం కాషాయం మధ్య రంగుకు తిరిగాయి. చాల్ అంతా "అబ్బా" అంది. తర్వాత ఆవిడ తన కొంగు పిన్నీసు తీసి, అగ్గిపుల్లతో కాల్చి, తన వేలు గుచ్చుకుంది. రెండో గ్లాసులో మూడు చుక్కలు. అవి దారాల్లా కిందికి దిగి, నీళ్ళు వెలిసిపోయిన గులాబి రంగయ్యాయి.

"నువ్వు చూసింది నిజం నర్సింలూ. నీ కండ్లది తప్పు లేదు. ఎర్రగనే ఉన్నది. అది రక్తమని మాత్రం నీ కండ్లు చెప్పలే, ఎవలో చెప్పిన్రు. గిప్పుడు నువ్వే చెప్పు. రోజు నువ్వు చూసిన రంగు ఈ రెండిట్ల యేది?"

నర్సింలు వంగి ఒక గ్లాసు చూశాడు, రెండోది చూశాడు. మళ్ళీ మొదటిది చూశాడు. సిమెంటు, ఇసుక కలిపినవాడు కదా, రంగు తేడా అతని కంటికి దొరుకుతుంది. వేలెత్తి గోలీ గ్లాసును చూపించాడు.

"ఇదే. నూటికి నూరు ఇదే."

"ఈ గ్లాసు ఒంట్ల రక్తమున్నదా?"

"లేదు."

"మరి ఎరుపు యాడికెల్లి వచ్చింది?"

ఎల్లమ్మ చెప్పింది, ముక్కు తుడుచుకుంటూ: "గోలీకెల్లి."

"గింతే. నా మాట నమ్మకు. రెండు గ్లాసులను నమ్ము," అని, ఎవరూ అడగని మాట ఒకటి అంది. "పదకొండేండ్లప్పుడు నేను కూడ మస్తు నెలలు గిదే రంగు చూసిన. గీ గోలీయే తిన్న. గిప్పుడు మీ ముందర నిలబడి హండా మోస్తున్న."

చంద్రవ్వ హండా నిండి పొర్లిపోతోంది. పట్టించుకోలేదు. "ఏందీ? మీ అమ్మ కామెర్లు అన్నది కదనే. ఊరికి పంపింది కదనే. గిన్నేండ్ల సంది నేను కామెర్లనే అనుకున్న."

"ఎవలు చెప్పిన్రు అవ్వా?"

"మీ అమ్మనే."

"చూసినోళ్ళెవలు?"

చాల్ గొల్లున నవ్వింది. చంద్రవ్వే ఎక్కువ నవ్వింది. కానీ ఆ మాట అంత తేలిక కాదు. మా దగ్గర క్షయ అంటే ఇంటి పేరుకు అంటుకునే మచ్చ. సంబంధాలు తప్పిపోతాయని తల్లి బతికున్నన్నాళ్ళూ దాచిన సంగతిని, ఒక కూలివాడు గోలీ మింగడం కోసం, నల్ల దగ్గర అందరి ముందూ బిందె దించినట్టు దించేసింది.

అది చూశాక నేను ఊరుకోగలనా? లైను తోసుకుంటూ ముందుకు వెళ్ళాను. "ఆ చివరి గడి నాది. అర డబ్బా మాట అన్నది నేను," అన్నాను. నర్సింలు కాళ్ళు పట్టుకున్నాను. చంద్రవ్వ నిండు హండా ఎత్తి నా నెత్తిన కుమ్మరించింది. ఆవిడ వచ్చి, ఖాళీ గడిలో నా పేరు రాసి, వేలి కణుపుతో నా నెత్తి మీద తట్టి, "మోగింది తమ్మీ" అంది.

నర్సింలు అదే రోజు దవాఖానకు వెళ్ళాడు. ఆవిడే తీసుకెళ్ళింది. ఎన్ని రోజులు ఆపాడో దాచకుండా డాక్టరుకు చెప్పించింది. మళ్ళీ పరీక్షలు చేశారు. క్రిమి ఇంకా మందుకు లొంగుతోందని తెలిసిన రోజు ఆవిడ మూడు అంతస్తులు పరుగెత్తి ఎక్కింది. ఆవిడ పరుగెత్తడం మా చాల్ అప్పుడే చూసింది. అతని మందులు పూర్తయ్యాయి. ఇప్పుడు సిమెంటు బస్తా మోయడు, గోడ కడతాడు. ఇటుకను తట్టి వింటాడు. వర్లి ముసలామె కూడా గోలీలు మళ్ళీ మొదలుపెట్టింది. మా చాల్‌లో ఆ గొంతు విని ఆపినవాళ్ళు ఇంకో ఇద్దరు తేలారు. వాళ్ళనూ పట్టింది.

ఈ ఊళ్ళో పెద్ద పెద్ద బిల్డింగులు చూసి, అది మా తాత కట్టింది, ఇది మా ముత్తాత కట్టింది అని చెప్పుకోవడం మా కామాటీలకు అలవాటు. సగం నిజం, సగం నేను. కానీ నలుగురు మనుషులు ఊపిరి పీలుస్తూ తిరుగుతున్నారు. వాళ్ళను చూపించి, ఇది మా చాల్ ఆడపిల్ల నిలబెట్టింది అంటాను. దీన్ని ఊదడానికి ఎంత ప్రయత్నించినా నాకు చేతకాలేదు.

ఆవిడ పోయి ఇది రెండో వానాకాలం. ఏ జబ్బుతో పోయిందో రాయను. రాస్తే రేపటికి దానికి మూడు కషాయాలు తిరుగుతాయి. ఆ రోజు మా చాల్‌లో ఒక్క ఫార్వర్డు కూడా కదల్లేదు. ఆవిడ పోయిందన్న కబురు మొదట విన్న చంద్రవ్వ కూడా, ఏడవడానికి ముందు, "ఎవలు చెప్పిన్రు?" అనే అడిగింది.

ఇక నేను పుట్టించింది ఏదో చెప్పాలి.

దర్వాజాలో వంగడం ఆ పిల్ల ఊదింది. ఆమ్లెట్లు, బస్సులో ఆగిన గుండె, మూడోసారి బయటికొచ్చిన డాక్టరు, ఇవన్నీ నాలుగుతో భాగించుకోండి, ఎంతో కొంత మిగులుతుంది. నల్ల దగ్గర నేను ముందుకు వెళ్ళాననీ, ఆ మాట నాదని ఒప్పుకున్నాననీ రాశాను చూడండి, అది భాగిస్తే ఏమీ మిగలదు. నేను కదల్లేదు. ప్లాస్టిక్ డ్రమ్ము వెనక నిలబడి ఉన్నాను, ఆవిడ కంటే చిన్నగా కనబడుతూ.

జరిగింది ఇదీ. గ్లాసుల పని అయ్యాక చంద్రవ్వ కాలెండరు కాగితం చూసి, "గా ఆఖరి గడి ఖాళీగున్నదేంది? గా మాట పుట్టించినోడు ఎవడే?" అంది. ఆ రోజు లైన్లో నవ్విన ఎనిమిదిమందీ చెప్పుల వైపు చూశారు. ఆవిడ నా వైపు చూడలేదు. హండా చంకనెత్తుకుంటూ, "నా కాడ పురావా లేదు అవ్వా. పురావా లేనిది నేను చెప్ప," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది. తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. పండక్కి బూరెలు పంపడం మానలేదు.

ఆ కాగితాన్ని గోడ మీంచి ఆ సాయంత్రమే నేను పీకేశాను. ఇన్నాళ్ళూ ట్రంకు పెట్టె అడుగున ఉంది. ఇవాళ తీసి, చివరి గడిలో నా పేరు రాశాను.

ఎవరు చెప్పారు? నేను. నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, నేనే పుట్టించాను. చూసినవాళ్ళెవరు? ఆవిడ, నా వైపు చూడకుండానే.